చీలిన కొండనాలుక

పిల్లల మాటలో తప్పిపోయే శబ్దాల మీద, చదవడంలో వాళ్ళు పడే ఇబ్బందుల మీద మా కాలేజీలో ఒక అధ్యయనం మొదలైంది. నన్ను అందులోకి తీసుకున్నది మార్కులు చూసి కాదు, ఇంట్లో తెలుగు మాట్లాడతానని. మాట చికిత్స చదువుతున్న మా బ్యాచ్ మొత్తంలో తెలుగు వచ్చినదాన్ని నేనొక్కదాన్నే. మా బాపు పెళ్ళికి ముందే సిరిసిల్ల వైపు నుంచి సూరత్ వచ్చి సాంచెల మీద, అంటే మరమగ్గాల మీద పనికి కుదిరాడు. నేను ఇక్కడే, డిండోలిలో పుట్టాను.

మా చుట్టుపక్కల నేత కుటుంబాల పిల్లలు చదివే తెలుగు బడి ఒకటుంది. అక్కడి పిల్లల్ని గుజరాతీలో పరీక్షిస్తే, ఏది భాష రాకపోవడమో, ఏది నోరు తిరగకపోవడమో తేలదని మా గైడ్ మేడం అంది. అందుకే ఆ బడి నాకు అప్పగించింది. తోడుగా నా క్లాస్‌మేట్ ఒకామెను పంపింది. ఆమెది సూరత్‌లోనే అడాజన్ వైపు. తెలుగు ఒక్క ముక్క రాదు. నేను పిల్లలతో మాట్లాడాలి, ఆమె రికార్డర్, కెమెరా చూసుకోవాలి. అదీ ఒప్పందం.

పని సులభమే. ముందు బొమ్మలు చూపిస్తాం, పిల్లవాడు వాటి పేర్లు చెప్పాలి. ఏ శబ్దం ఎలా పలికాడో నేను రాసుకుంటాను. తర్వాత అట్టముక్కల మీద పెద్ద అక్షరాలతో రాసిన మాటలు చూపిస్తాం, పైకి చదవాలి. బడివాళ్ళు మాకు విరిగిన బెంచీలు వేసే గది ఊడ్పించి ఇచ్చారు. మూడో తరగతి సారు ఒక్కొక్కరినే పంపిస్తున్నాడు. మధ్యలో ఆయనే వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

"ఒక పిల్లను ఆపిన మేడం. దానికి అక్షరాలు రావు. ముక్కులకెళ్ళి మాట్లాడుతది, ఏమంటదో ఎవలకు సమజ్ కాదు. మీకు ఉత్తగనే టైం పోతది."

"అలాంటి పిల్లల కోసమే వచ్చాం సార్," అన్నాను.

ఆయన భుజాలెగరేసి వెళ్ళి ఆ పిల్లను తీసుకొచ్చాడు. ఎనిమిదేళ్ళుంటాయి. రెండు జడలు, నూనె పెట్టి గట్టిగా అల్లినవి. కూర్చున్నాక కుడిచేయి తీసి నోటిమీద పెట్టుకుంది. తీయమంటే తీసింది, మాట్లాడాల్సి వచ్చేసరికి మళ్ళీ పెట్టుకుంది.

బంతి బొమ్మ చూపించాను. "మంతి" అంది. బల్లిని "మల్లి" అంది. బడిని "మని" అంది. కాకి దగ్గర 'క' అసలు లేదు, గొంతులో చిన్న దెబ్బ తగిలినట్టు "ఆ, ఇ" అని ఆగింది. పాప బొమ్మ చూపిస్తే ముక్కులోంచి గాలి బుస్సుమంది. అమ్మ, నాన్న, నూనె, మామ మాత్రం అద్దంలా స్పష్టంగా వచ్చాయి. అవన్నీ ముక్కుతో పలికే శబ్దాలు. నేను గబగబా రాసుకుంటున్నాను. ఇది పాఠాల్లో చదివిందే. గాలి నోట్లోకి రాకుండా ముక్కులోకి పోతోంది. ఎందుకు పోతోందో తర్వాత చూడొచ్చనుకున్నాను.

తర్వాత అట్టముక్క చూపించాను. 'బడి' అని ఉంది. "మని" అంది.

"చూసిన్రా," అన్నాడు సారు గుమ్మం దగ్గర్నుంచి. "అక్షరమే గుర్తువట్టది."

నా పెన్ను తప్పు అన్న గడి మీదికి వెళ్ళింది. నా క్లాస్‌మేట్ నా మోచేయి పట్టుకుంది. ఆమెకు తెలుగు రాదు కాబట్టి వినడం తప్ప ఇంకేమీ చేయలేదు. అందుకే ఆమెకు తట్టింది. హిందీలో మెల్లగా అడిగింది, "బొమ్మ చూసినప్పుడు కూడా ఇదే కదా అంది? మరి ఇప్పుడు చదవలేక తప్పు చెప్పిందని నీకెలా తెలుసు?"

నేను పెన్ను పక్కన పెట్టాను.

ఆమె బొమ్మలన్నీ బెంచీ మీద పరిచింది. అట్టముక్కలు కట్టగా చేసి పాప చేతికిచ్చింది. ఏ మాట ఏ బొమ్మదో దాని మీద పెట్టు, నోరు తెరవక్కర్లేదని నన్ను చెప్పమంది. చెప్పాను. ఆ పిల్ల నా మొహం చూసింది. నిజంగానే మాట్లాడక్కర్లేదా అన్నట్టు. తర్వాత మొదలుపెట్టింది. బడి మీద బడి. బల్లి మీద బల్లి. ఆగలేదు, వెతకలేదు. పేకాటలో ముక్కలు వేసినంత వేగంగా వేసుకుంటూ పోయింది. ఒత్తులున్నవి, దీర్ఘాలున్నవి, అన్నీ. ఒక్కటి కూడా తప్పు పోలేదు.

ఒక కాగితం తీసి రాశాను. 'లేచి వెళ్ళి కిటికీ మూయి. నీ చెప్పు ఒకటి తెచ్చి సారు చేతిలో పెట్టు.' అది పాప ముందు పెట్టాను.

చదివింది. చేతి వెనకాల నవ్వింది. లేచి వెళ్ళి కిటికీ మూసింది. బయటికెళ్ళి తన చెప్పు తెచ్చి, సారు ముందు నిలబడి, ఇవ్వాలా వద్దా అని నా వైపు చూసింది.

సారే చెయ్యి చాపి ఆ చెప్పు తీసుకున్నాడు. దాన్ని పట్టుకునే విరిగిన బెంచీ మీద ఒక కొసన కూర్చున్నాడు. "ఒకటో తరగతి సంది నేనే చెప్తున్న దీనికి," అన్నాడు. ఆయన చెడ్డవాడు కాదు. ఆ మాట అన్నప్పుడు ఆయన మొహం ఎలా ఉందో నాకు తెలుసు, నా మొహం కూడా అలాగే ఉండి ఉంటుంది.

అప్పుడు పాపను నోరు తెరవమన్నాను. ఫోను టార్చి వేశాను. నాలుక కిందికి ఆనించి "ఆ" అనమన్నాను.

కొండనాలుక రెండుగా ఉంది. పేటలు విడిపోయిన దారం కొసలా, అటొకటి ఇటొకటి. అంగిలి మెత్తగా ఉండే చోట నడుమ సన్నగా ఒక నీలి చార. అక్కడ కింద కండరం లేదు. రెండు వైపుల నుంచీ వచ్చి కలవాల్సిన కండరం కలవలేదు, పైన పలచని పొర మాత్రం పరదాలా మూసేసింది. పెదవి బాగుంది, పళ్ళు బాగున్నాయి, కాబట్టి పుట్టినప్పుడు ఎవరికీ కనబడలేదు. ఆ తర్వాత ఎవరూ చూడలేదు. నా క్లాస్‌మేట్ పర్సులోంచి చిన్న అద్దం తీసి పాప ముక్కు కింద పెట్టింది. "పా" అనమన్నాం. అద్దం మసకబారింది.

ఇద్దరం ఒకరినొకరం చూసుకున్నాం. ఆ పిల్ల మమ్మల్ని మార్చి మార్చి చూస్తోంది. అంత పెద్ద తప్పు తానేం చేసిందోనని.

మరునాడు పొద్దున రికార్డింగు ముందేసుకుని కూర్చున్నాను. విన్నది విన్నట్టు రాసి మేడంకు చూపించాలి. ఇయర్‌ఫోన్ ఒక వైపు పోయింది, అందుకని స్పీకర్‌లోనే పెట్టాను. అమ్మ ఉతికిన బట్టలు తీసుకుని మిద్దె మీదికి వెళ్ళింది. బాపు రాత్‌పాలి, రాత్రి షిఫ్టు, ముగించుకుని వచ్చి గుమ్మం బయట కాళ్ళు కడుక్కుంటున్నాడు. సాంచెల చప్పుడుకు ఆయన చెవులు ఏనాడో మందగించాయి. అందుకే నేను కూడా శబ్దం తగ్గించలేదు.

"మీ అమ్మ ఎవలతోని మాట్లాడుతుంది మిన్నా?" అన్నాడు.

మిన్న అనేది మా ఇంట్లో నా ముద్దుపేరు. అమ్మ పెట్టింది.

"అమ్మ మిద్దె మీద ఉంది బాపు."

"మరి లోపల ఎవలు?"

తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ లోపలికొచ్చాడు. గదిలో నేనూ రికార్డరూ తప్ప ఎవరూ లేరు. రికార్డరు వైపు వేలు చూపించాడు.

"గిది మీ అమ్మ గొంతే కద. ఎప్పుడు పట్టినవ్?"

"కాదు బాపు, బడిల పిల్ల."

"పిల్లదా?" నమ్మలేదు. "ఏదీ, మల్ల పెట్టు."

మళ్ళీ పెట్టాను. మంతి. మల్లి. మని. ఆ, ఇ. ఆయన తల ఊపాడు. "చిన్నపిల్ల గొంతే. గని మాట మీ అమ్మదే," అన్నాడు. ఆ మాట చాలా మామూలుగా అన్నాడు. టీ ఉందా అని అడిగినంత మామూలుగా.

మాట చికిత్సలో చేరినప్పటి నుంచి మాకు నేర్పుతున్నది వినడమే. ఎవరు ఎలా పలుకుతున్నారో వినడం. బస్సులో ఎక్కిన మనిషి నాలుగు మాటలు మాట్లాడితే ఎక్కడ తేడా ఉందో చెప్పేవాళ్ళం, పందేలు వేసుకునేవాళ్ళం. ఒకరి నోట్లో ఒకరం టార్చి వేసి చూసుకున్నాం. మా అమ్మ మాట మాత్రం నాకు మాటలా ఎప్పుడూ వినబడలేదు. అది అమ్మ. నేను భాష నేర్చుకున్నదే ఆ నోటి నుంచి. ఆమె పప్పు అంటే నాకు అది పప్పే.

ఆమె నన్ను మిన్నా అని పిలుస్తుంది. బాపు మిన్నా అంటాడు. పక్కింటివాళ్ళు కూడా అంటారు. ఎంత వింత పేరు, ఎక్కడి నుంచి తెచ్చిందో అని చిన్నప్పుడు మురిసిపోయేదాన్ని. మంచం అంచున కూర్చుని, రికార్డరులో ఆ పిల్ల బంతిని మంతి, బడిని మని అంటుంటే, మొదటిసారి ఆ పేరును వెనక్కి తిప్పి చూసుకున్నాను. బ స్థానంలో మ. డ స్థానంలో న.

బిడ్డా. అమ్మ నన్ను పుట్టినప్పటి నుంచి బిడ్డా అనే పిలుస్తోంది.

తలుపు దగ్గర బకెట్టు చప్పుడైంది. అమ్మ ఖాళీ బకెట్టు కింద పెట్టి నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచి ఉందో తెలియదు. రికార్డరు ఇంకా మాట్లాడుతూనే ఉంది. నేను ఆపేశాను.

"ఎవల పిల్ల?" అంది అమ్మ. ఇక్కడ అమ్మ మాటల్ని మామూలు అక్షరాల్లోనే రాస్తున్నాను. నాకు అవి ఇప్పటికీ అలాగే వినబడతాయి.

చెప్పాను. రెండు గల్లీల అవతల ఇల్లని, మూడో తరగతి అని, చదువు రాదని సారు అనుకున్నాడని, అట్టముక్కలు ఇస్తే అన్నీ సరిగ్గా పెట్టిందని. చెబుతుంటే నా గొంతు నాకే ఎక్కడో దూరంగా వినబడుతోంది. అమ్మ వచ్చి నా ఎదురుగా నేల మీద కూర్చుంది. పక్కన పడి ఉన్న అట్టముక్కల కట్ట చేతిలోకి తీసుకుంది. బొమ్మలు ముందుకు లాక్కుంది. ఒక్కో ముక్కా తీసి బొమ్మ మీద పెట్టడం మొదలుపెట్టింది. చీపురు. కాకి. బుట్ట. పళ్ళెం. కొన్నింటిని కళ్ళకు కాస్త దగ్గరగా పెట్టుకుని చూసింది, అంతే.

మా అమ్మకు అక్షరం ముక్క రాదన్నది మా ఇంట్లో అందరికీ తెలిసిన సంగతి. బ్యాంకులో, రేషన్ దుకాణంలో వేలిముద్ర వేస్తుంది. బాపుకు కూడా చదువు రాదు. నేను బడిలో చేరేదాకా ఊరి నుంచి ఏ కాగితం వచ్చినా పక్కింటికి పట్టుకుపోయి చదివించుకునేవారు.

బాపు తువ్వాలు భుజం మీద వేసుకోవడం మర్చిపోయాడు.

"నీకు చదువొస్తదా?" అన్నాడు.

అమ్మ చివరి ముక్క పెట్టి, చేతులు ఒడిలో పెట్టుకుంది. "చదువొస్తది," అంది. "చదివి చెప్పుడు రాదు."

"గిన్నేండ్లు నాకెందుకు చెప్పలే?"

"నువ్వు అడుగలే."

"అడుగుడేంది? కాయితాలు పట్టుకొని నేను గా ఇల్లు గీ ఇల్లు తిరుగుతుంటి కద."

"వస్తదంటే చదువుమంటవ్. చదవాల్నంటే నోరు తెరవాలె." అమ్మ ఆయన మొహంలోకి చూడకుండా అంది. "అందరికీ ఇనవడంగ."

బాపు గోడకు ఆనుకుని నేల మీద కూర్చున్నాడు. రాత్రంతా నిలబడి వచ్చిన మనిషి. ఆ పొద్దు ఆయన టీ కూడా అడగలేదు.

అమ్మ చెప్పింది. ఒకేసారి అన్ని మాటలు ఆమె మాట్లాడటం నేను అంతకుముందు వినలేదు. ఊళ్ళో మూడో తరగతి దాకా బడికి పోయిందట. "సారు లేపి చదువుమనేటోడు. చదివితే అందరు నవ్వుడు. నేను సారును ఎక్కిరిస్తున్న అనుకునేటోడు. కట్టె ఇరిగేదాక కొట్టిండు ఒకనాడు. మా నాయిన ఇగ బడొద్దు, బీడీలు చెయ్యమన్నడు." బీడీలు కట్టలు కట్టడానికి పాత పేపర్లు చింపేవారట. ఆ ముక్కలు చింపే ముందు చదివేదట, లోపల్లోపలే. సూరత్ వచ్చాక తెలుగు కాగితాలు దొరకలేదు. నేను బడికి పోవడం మొదలయ్యాక నా తెలుగు పుస్తకాలు దొరికాయి.

"నువ్వు బడికి పోయినంక చదివేదాన్ని," అంది. "అన్ని క్లాసులవి."

నేను టార్చి తీశాను. "అమ్మ, జర నోరు తెరువు."

తెరిచింది. అదే. రెండు కొసలు. అదే నీలి చార, ఇంకా వెడల్పుగా.

మేడం మా వీడియో రెండుసార్లు చూసింది. అక్కడికక్కడే తనకు తెలిసిన శస్త్రచికిత్స వైద్యుడికి ఫోన్ చేసి పాప కోసం సమయం తీసుకుంది. తర్వాత నాతో అంది, "ఈ పాపను అధ్యయనంలోంచి తీసేయాలి." నాకు మొదట అర్థం కాలేదు. నోటి నిర్మాణంలో లోపం లేకుండానే మాట సరిగా రాని పిల్లల మీద మా అధ్యయనం. ఈమెకు లోపం ఉందని తేలింది. కాబట్టి మా లెక్కలోకి రాదు. నియమం న్యాయమైనదే. మేము రాసే పేజీల్లో ఆ పిల్ల ఉండదని తెలిసి మాత్రం నేనూ నా క్లాస్‌మేటూ క్యాంటీన్‌లో చల్లారిపోయిన టీ ముందు చాలాసేపు కూర్చున్నాం.

"మనం నోట్లోకి చూడకపోతే ఆమె మంచి సబ్జెక్ట్ అయ్యేది," అంది నా క్లాస్‌మేట్. ఆమె నవ్వులాటకు అన్న మాట కాదది.

పాప ఇంట్లో పెత్తనం నాయనమ్మది. తల్లి ఇంట్లోనే చీరల మీద మిగిలిన దారాలు కత్తిరించే పని చేస్తుంది, తండ్రి ఉధనాలో సాంచెల మీద ఉంటాడు. సాయంత్రం నేను వాళ్ళింటికి వెళ్తుంటే అమ్మ చీర మార్చుకుని వచ్చింది. నేనూ వస్తానంది. కూరగాయల బండి దగ్గర కూడా వేలు చూపించి కొనుక్కునే మనిషి. ఇద్దరం కలిసి నడిచాం.

నాయనమ్మ నేను చెప్పిందంతా విన్నది. మా వైపు పుట్టుకతో చీలిన పెదవిని గ్రహణమొర్రి అంటారు. అది లోపల, అంగిలిలో ఉందని చెప్పాను.

"మొర్రి ఏంది? పెదివి సక్కగనే ఉండె," అంది ఆమె. "పసిదున్నప్పుడు పాలు తాగితే ముక్కులకెళ్ళి వచ్చేటియి. గంతే. పిల్లలందరికి వస్తయి. దానికి నోరు కోస్తరా? కోస్తే ఉన్న మాట గూడ పోతే?"

పాప తల్లి కత్తెర పక్కన పెట్టి మా మాటలు వింటోంది. పాప ఆమె వెనకాల.

నేను మళ్ళీ మొదలుపెట్టబోయాను. కండరం, గాలి, ముక్కు. అమ్మ నా చేయి మీద చేయి వేసింది.

"అవ్వా," అంది. "నాకు గూడ గిట్లనే వచ్చేటియి పాలు."

నాయనమ్మ అమ్మ వైపు తిరిగింది. ఆ గొంతు విన్నాక ఆమె చూపు మారింది. పాప తన తల్లి వెనక నుంచి ముందుకొచ్చింది. తన మాట ఇంకొకరి నోట, అంత పెద్ద మనిషి నోట, ఆ పిల్ల అంతవరకు విని ఉండదు. దగ్గరగా వచ్చి అమ్మ మూతి వైపే చూస్తూ నిలబడింది.

"మా ఊళ్ళ చూపెట్టినోళ్ళు లేరు," అంది అమ్మ. "మా అమ్మ తాయెత్తు కట్టించింది. నాకు బడి పోయింది అవ్వా. నలుగురిల మాట పోయింది. పెండ్లిచూపులల్ల మాట్లాడకు అని చెప్పి కూసోవెట్టిన్రు. ఈ పిల్లకు గట్ల చెయ్యకు."

పెళ్ళిచూపుల సంగతి నాకు అప్పుడే తెలిసింది. అమ్మ నోరు తెరిచి నాయనమ్మ ముందు పెట్టింది. నేను టార్చి వేశాను. తర్వాత పాప కూడా తెరిచింది. ముసలామె ఒకరి నోట్లో చూసి, ఒకరి నోట్లో చూసి, కొంగుతో మొహం తుడుచుకుంది. "ఎప్పుడు తీస్కపోవాలె?" అంది.

ఆపరేషన్ జరిగింది. మానిపోయాక కూడా పాప బంతిని మంతి అనే అంది. తండ్రి ఒకరోజు పనిలోంచి నేరుగా మా ఇంటికి వచ్చాడు. "కోసిన్రు, కుట్టిన్రు. ఏం మారింది?" అని వాకిట్లో నిలబడి అడిగాడు. గొంతు పెంచలేదు. ఆ సంగతి ముందే గట్టిగా చెప్పాల్సింది మేమే. ముక్కులోకి పోయే దారి మూసుకుందంతే, ఇన్నేళ్ళు గాలిని ముక్కులోకి పంపడం నేర్చిన నోటికి కొత్తగా నేర్పాలని, నెలలు పడుతుందని చెప్పాను. ఆయన విన్నాడు. మర్నాటి నుంచి పాపను బస్సెక్కించి మా కాలేజీ క్లినిక్‌కు తీసుకొచ్చే పూచీ నాయనమ్మ తీసుకుంది.

అద్దం ముందు కూర్చోబెట్టి, ముక్కు వేళ్ళతో మూసి, పెదవులు కలిపి, గాలి నోట్లో ఆపి వదలడం. ప. ప. ప. వారాలపాటు ముక్కు వదిలేయగానే మ వచ్చేసేది. ఒక మధ్యాహ్నం ముక్కు వదిలాక కూడా ప వచ్చింది. పాప ఉలిక్కిపడింది. ఎవరో వెనక నుంచి అన్నారేమోనని నిజంగానే తిరిగి చూసింది. నా క్లాస్‌మేట్‌కు అప్పటికి తెలుగు అక్షరాలు కొన్ని వచ్చు. ఆమె కుర్చీలోంచి ఎగిరి లేచింది. ఆ తర్వాత బ, ఆ తర్వాత చాలా కష్టం మీద డ. క ఇప్పటికీ ఒక్కోసారి గొంతులోనే ఆగిపోతుంది. బడిలో పాపను ముందు వరసకు మార్చారు. సారు ఇప్పుడు ప్రశ్నలు కాగితం మీద రాయించి చూస్తున్నాడట, అందరితోనూ.

వైద్యుడు అమ్మను కూడా చూశాడు. ఈ వయసులోనూ చేయొచ్చు, పూర్తిగా బాగవుతుందని మాట ఇవ్వలేనన్నాడు. నేను ఎంతో చెప్పాను. చేయించుకుంటే ఎలా ఉంటుందో, నేనే దగ్గరుండి ఎలా నేర్పిస్తానో. అమ్మ ఆలోచించుకుంది. రెండు మూడు సార్లు అద్దంలో నోరు తెరిచి చూసుకోవడం నేను చూశాను. చివరికి వద్దంది. "నాకు చాలు బిడ్డా, ఇగ దీనితోనే నడుపుత," అంది. నేను కోపం తెచ్చుకున్నాను. కొన్ని రోజులు ముభావంగా ఉన్నాను. ఆమె మనసు మార్చుకోలేదు.

బాపు ఈ మొత్తం వ్యవహారంలో ఎక్కువ మాట్లాడలేదు. ఒకటే అడిగాడు నన్ను, అమ్మ లేనప్పుడు. "నేను రోజు ఇంటుంటి కద. నాకెందుకు తెల్వలే?" నాకూ తెలియలేదు బాపు అన్నాను. సాంచెల చప్పుడు అన్నాడు. అది కాదని మా ఇద్దరికీ తెలుసు.

తర్వాత ఒక సెలవు రోజు మధ్యాహ్నం ఆయన ఫోనుకు ఊరి నుంచి మెసేజీ వచ్చింది. బాపు అన్న, మా పెద్దబాపు, తెలుగులో టైపు చేయించి పంపుతుంటాడు. అలా వచ్చినప్పుడల్లా బాపు ఫోను నా చేతికిస్తాడు. ఆ రోజు నేను పక్కనే కూర్చుని ఉన్నాను. చెయ్యి చాపాను కూడా. ఆయన నన్ను దాటించి ఫోను అమ్మ ముందు పెట్టాడు.

"ఏమంటుండో చూడు," అన్నాడు.

అమ్మ చూసింది. లోపలే చదివింది. "కొడుకు ఇంటికి స్లాబ్ వేస్తున్రట," అంది.

"గట్ల కాదు. చదువు. మొత్తం."

అమ్మ నా వైపు చూసింది. తలుపు తెరిచి ఉంది. గల్లీలో ఎదురింటివాళ్ళు మంచం వేసుకుని కూర్చున్నారు. నేను లేచి తలుపు వేద్దామనుకున్నాను, లేవలేకపోయాను. అమ్మ ఫోను రెండు చేతులతో పట్టుకుని మెల్లగా మొదలుపెట్టింది.

"ఇనవడ్తలేదు," అన్నాడు బాపు. నిజంగానే వినబడలేదు ఆయనకు. చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు. "గట్టిగ."

అమ్మ గొంతు పెంచింది. తమ్మునికి, మరదలికి దీవెనలు అని మొదలైంది. స్లాబ్ ఏ రోజు వేస్తున్నారో, ఇసుక ధర పెరిగి ఎంత పిరమైందో, వర్షం పడేట్టుందని, మీరు రాకుంటే బాగుండదని, అన్నీ చదివింది. ఎదురింటి మంచం మీద మాటలు ఆగిపోయాయి. అమ్మ ఆగలేదు. ఒక చోట తడబడితే బాపు "మల్ల చదువు, సమజ్ కాలే" అన్నాడు. మళ్ళీ చదివింది, ఇంకా గట్టిగా. నేను గోడకు ఆనుకుని విన్నాను. మా అమ్మ చదువుతుంటే వినడం అదే మొదటిసారి.

అయిపోయాక ఫోను ఆయనకిచ్చేసింది. బాపు తల ఊపాడు.

"ఇసుక గంత పిరమైందా," అన్నాడు.